బాస్ కటానా 50 ఎంకే 2 గిటార్ యాంప్: ఫ్లాట్‌లో పది నెలలు వాయించాక

రాత్రి తొమ్మిదిన్నరకి పాప నిద్రపోతుంది. పక్క గదిలో అమ్మ టీవీ కట్టేసి నడుం వాలుస్తుంది. నాకు గిటార్ పట్టుకునే వీలు దొరికేది అప్పుడే, పదిన్నర దాకా. మియాపూర్‌లో మాది మూడో అంతస్తు ఫ్లాట్. పైన ఒక కుటుంబం, కింద ఒక కుటుంబం. అందుకే మొదటి యాంప్, అంటే ఎలక్ట్రిక్ గిటార్ సౌండ్‌ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె, ఏది కొనాలని ఎవరైనా నన్ను అడిగితే ముందు నేనే ఒక మాట అడుగుతాను: మీరు ఏ టైమ్‌లో వాయిస్తారు, ఎంత సౌండ్ పెట్టుకోగలరు? ఆ సౌండ్‌లో క్లీన్ టోన్, అంటే చీలిక లేని తేట నాదం, బాగుంటే అదే మీ యాంప్. వాట్లు, ఎఫెక్ట్‌లు తర్వాత చూసుకోవచ్చు.

ఈ సంగతి తెలియకముందు నా దగ్గర వేరే యాంప్ ఉండేది. గిటార్ కొన్నప్పుడు బ్యాగు, పిక్స్, కేబుల్‌తో కలిపి ప్యాకేజీలో ఇచ్చిన పది వాట్ల పెట్టె. దాని స్పీకర్ నా అరచెయ్యంత కూడా లేదు. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ, ఆరో తీగ, దాదాపు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత చిన్న స్పీకర్ అంత కింది స్వరాన్ని సరిగ్గా పలకలేదు. మీటగానే 'డబ్' అని ఒక చప్పుడు, ఆ వెంటనే సన్నటి జీర, అంతే. రెండు నెలలు తప్పు నా చేతిదే అనుకున్నాను.

చిన్నప్పుడు కాకినాడలో ఆరేళ్లు వీణ నేర్చుకున్నాను. మీటిన తర్వాత నాదం ఎలా నిలబడుతుందో, ఎలా సన్నగిల్లుతుందో చెవికి తెలుసు. పైగా నాన్నది పాలకొల్లు దగ్గర పల్లె. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అంటే ఆయనకి సొంత మేనల్లుడి మీదున్నంత ప్రేమ. ఇంట్లో టేప్ రికార్డర్‌లో ఎప్పుడూ ఆ మాండలినే. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది, గమకానికి చోటుండదు. శ్రీనివాస్ వాయించింది అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. పికప్ (తీగ కదలికని కరెంట్ సిగ్నల్‌గా మార్చే భాగం), యాంప్ కలిసి ఆ స్వరాన్ని నిలబెట్టాయి కాబట్టే ఆ జారులన్నీ మనకి వినిపించాయి. ఎలక్ట్రిక్ వాయిద్యంలో యాంప్ సగం వాయిద్యం. నేను గిటార్‌కి ముప్ఫై వేలు పెట్టి, ఆ సగాన్ని ఊరికే వచ్చిన పెట్టెకి వదిలేశాను.

కొత్త యాంప్ గురించి చెప్పేముందు హమ్ గురించి, అంటే ఏమీ వాయించకపోయినా వినిపించే 'జుంయ్' మనే చప్పుడు గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీనికే భయపడి యాంప్ వెనక్కిచ్చేస్తారు. నాది స్ట్రాట్ తరహా గిటార్, మూడు పికప్‌లు, మూడూ సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) రకం. మన ఇళ్లలో కరెంట్ 50 హెర్ట్జ్. ఆ పికప్‌లు దాన్ని యాంటెన్నాలా పట్టేస్తాయి. ఒకరోజు గిటార్ మెడలో వేసుకుని కుర్చీలో మెల్లగా గుండ్రంగా తిరిగి చూశాను. గోడకున్న స్విచ్‌బోర్డు వైపు తిరిగితే 'జుంయ్' మంటోంది, కిటికీ వైపు తిరిగితే దాదాపు ఆగిపోయింది. ఫ్యాన్‌ని రెండు మీద పెడితే ఇంకో రకం గరగర, అయిదు మీద పెడితే అది లేదు. మాది గుండ్రంగా తిప్పే పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్. మెట్టు మెట్టుగా 'టక్' మని తిరిగే కెపాసిటర్ రకం పెట్టించాక ఆ గరగర పోయింది. గిటార్ మీద పికప్ సెలెక్టర్‌ని రెండో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెడితే హమ్ ఇంకా తగ్గింది. మధ్య పికప్‌ని తిరగేసి చుట్టిన గిటార్లలో ఆ రెండు చోట్లా హమ్ కొట్టుకుపోతుంది.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే. ముట్టుకున్నప్పుడు వేలికి జివ్వుమంటే మాత్రం వెంటనే ప్లగ్ పీకేయండి. నాకు పాత యాంప్‌తో ఒకసారి అలా జరిగింది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పి చూస్తే మూడో పిన్నుకి వెనకాల అసలు వైరే లేదు. సాకెట్‌కి మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. యాంప్ కొన్న వారంలోనే ఈ చెకింగ్ చేయించుకోండి, అద్దె ఇల్లయితే మరీను.

కటానా నాకు సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. కూకట్‌పల్లిలో ఒక కుర్రాడు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తూ అమ్మేశాడు, పదిహేడు వేలకి. 2024లో మూడో తరం వచ్చింది కాబట్టి రెండో తరానివి (ఎంకే 2 అంటే అదే) మార్కెట్లో కనిపిస్తున్నాయి. నా గిటార్ నేనే తీసుకెళ్లాను, ఇది చాలా ముఖ్యం. ఆ అబ్బాయి ముందు డిస్టార్షన్ (సౌండ్‌ని కావాలని చీల్చి మందంగా చేసేది) పెట్టి గబగబా వాయించి చూపించాడు, చాలా బాగా వాయించాడు కూడా. తర్వాత నేను క్లీన్‌లో పెట్టి, బేస్, మిడిల్, ట్రెబుల్ మూడూ నడిమధ్యన పెట్టి, సౌండ్ మేం మాట్లాడుకునే మాటకి సమానంగా తగ్గించి ఆరో తీగ ఒక్కటే మీటాను. మీటి ఊరుకున్నాను. నాదం గుండ్రంగా లేచి, సన్నబడి, చివరిదాకా తెగకుండా వెళ్లింది. అక్కడే మనసులో కొనేశాను. ఆ తర్వాత ప్రతి నాబ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి గరగర వస్తుందేమో విన్నాను, జాక్ దగ్గర కేబుల్ కొద్దిగా కదిపాను, హెడ్‌ఫోన్స్ పెట్టి స్పీకర్ ఆగిందో లేదో చూశాను.

ఇక యాంప్ సంగతి. స్పీకర్ పన్నెండు అంగుళాలు. ఆ నిండుతనమంతా అందులోదే. పవర్‌కి 50, 25, 0.5 అని మూడు స్థాయులున్నాయి. 50 నుంచి 25కి తగ్గిస్తే ఏదో సగమైపోతుందనుకుంటాం, నిజానికి తగ్గేది మూడు డెసిబెల్సే, చెవికి కొంచెమే తేడా. 0.5కి వెళ్తే ఇరవై డెసిబెల్స్ తగ్గుతుంది, అది బాగా తెలుస్తుంది. సగం వాట్ కదా, దోమ గొంతులా ఉంటుందనుకోకండి. మాస్టర్ (మొత్తం సౌండ్ నాబ్) సగానికి తిప్పితే హాలంతా వినిపిస్తుంది. నాబ్ గీతని గడియారం ముల్లు అనుకుంటే, నేను తొమ్మిది దాటనివ్వను. షాపులో 'వంద వాట్లది తీసుకోండి మేడమ్, ఫ్యూచర్‌లో పనికొస్తుంది' అని చెప్పారు. అదీ 50 మీద మూడు డెసిబెల్సే. ఇంట్లో వాయించే మనకి ఆ డబ్బు దండగ.

తక్కువ సౌండ్‌లో చెవికి బేస్, ట్రెబుల్ రెండూ సహజంగానే పలచబడతాయి. అందుకని రాత్రిళ్లు ఆ రెండు నాబ్‌లూ అదే గడియారం లెక్కన ఒంటి గంట దాకా పెంచి, మిడిల్‌ని పన్నెండు దగ్గరే ఉంచుతాను. గేన్ (సౌండ్ ఎంత చీలాలో చూసే నాబ్) పది దగ్గర. రివర్బ్, అంటే గదిలో మారుమోగినట్టు చేసే ఎఫెక్ట్, చిటికెడు. ఛానెల్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే సెట్టింగ్ సేవ్ అవుతుంది, అలా నాలుగు దాచుకోవచ్చు. నా మొదటిది 'రాత్రి క్లీన్'.

అకౌస్టిక్, క్లీన్, క్రంచ్, లీడ్, బ్రౌన్ అని అయిదు రకాల టోన్లు. వేరియేషన్ బటన్ నొక్కితే ప్రతిదానికీ ఇంకో రూపం ఉంది. నాకు క్లీన్ తర్వాత క్రంచ్ ప్రాణం. మెత్తగా మీటితే తేటగా పలుకుతుంది, గట్టిగా మీటితే అంచున కాస్త చిరుగుతుంది. మీటు బరువు ఎంతో యాంప్‌కి తెలుస్తోందన్నమాట. బ్రౌన్ చాలా మందంగా ఉంటుంది. బ్రౌన్‌లో ఏం వాయించినా గొప్పగానే వినిపిస్తుంది, అందుకే మొదటి నెలంతా దాని జోలికి పోలేదు. తప్పు వేలు పడినా, తీగ సరిగ్గా నొక్కకపోయినా అందులో కలిసిపోతుంది.

క్లీన్‌లో ఆ దాపరికం లేదు. ఒక రాత్రి మాయామాళవగౌళ రాగంలో జంట వరసలు (ఒక్కో స్వరం రెండేసి సార్లు వచ్చే పాఠాలు) వాయిస్తున్నాను, సగం వాట్‌లో, తలుపు దగ్గరగా వేసి. అమ్మ నిద్రపోయిందనుకున్నాను. గోడవతల నుంచి, 'జంటలో రెండోదానికి మీటు చాలట్లేదే' అంది. నిజమే, రెండో స్వరం నొక్కు పడాలి, నాది రెండూ ఒక్కలాగే పడుతున్నాయి. పాత యాంప్‌లో అయితే ఆ తేడా పక్కన కూర్చున్న నాకే తెలిసేది కాదు, గోడవతల ఉన్న మనిషికి ఏం తెలుస్తుంది!

ఇబ్బందులూ ఉన్నాయి. బరువు పదకొండున్నర కిలోల పైనే, లిఫ్ట్ పనిచెయ్యని రోజు మూడంతస్తులు మోశాను. బ్లూటూత్ లేదు. ఫోన్‌లో పాట పెట్టి దాంతోపాటు వాయించాలంటే ఆక్స్ కేబుల్ (హెడ్‌ఫోన్ పిన్ను లాంటిది రెండు చివరలా ఉండేది) కావాలి, ఇప్పటి ఫోన్లకి దానికో అడాప్టర్. ఆక్స్‌కి విడిగా వాల్యూమ్ నాబ్ లేదు, ఫోన్‌లోనే తగ్గించుకోవాలి. ఎఫెక్ట్ బటన్లు ఆకుపచ్చ, ఎరుపు, పసుపు రంగుల్లో వెలుగుతాయి. ఏ రంగులో ఏ ఎఫెక్ట్ ఉండాలో మార్చాలంటే మాత్రం కంప్యూటర్‌లో బాస్ టోన్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, ప్రింటర్‌కి వాడే లాంటి యూఎస్‌బీ కేబుల్‌తో కలపాలి. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లకి ఇందులో సగం యాంప్ అందనట్టే, ఇది కొనేముందే ఆలోచించుకోవాలి. ఉన్నవాళ్లకి మాత్రం అదే కేబుల్‌తో నేరుగా రికార్డింగ్ కూడా అవుతుంది. నేను ప్రతి ఆదివారం ఒక వరస రికార్డ్ చేసి పెట్టుకుంటున్నాను.

ఇంత పెట్టలేనివాళ్లకి, ఇంత చోటు లేనివాళ్లకి నేను వాయించి చూసినవి రెండున్నాయి. వాక్స్ పాత్‌ఫైండర్ 10లో ఎఫెక్ట్‌లు లేవు, రివర్బ్ కూడా లేదు. ఆరున్నర అంగుళాల స్పీకర్, నాలుగు నాబ్‌లు, ఓవర్‌డ్రైవ్‌కి (సౌండ్ కాస్త చీలడానికి) ఒక స్విచ్. కానీ దాని క్లీన్ ఎంత తియ్యగా ఉంటుందో! ఎఫెక్ట్‌ల మీద ధ్యాస లేని మనిషికి అది చాలు. హాస్టల్ గదుల్లో ఉండే పిల్లలకైతే కటానా మినీ. ఏడు వాట్లు, నాలుగు అంగుళాల స్పీకర్, ఆరు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. కింది తీగలు పలచగానే పలుకుతాయి, అది ఒప్పుకుని కొనుక్కోవాలి. కింది ఫ్లాట్ వాళ్లబ్బాయి ఇంటర్ సెకండియర్, మొన్న నా దగ్గరకి వచ్చి యాంప్ అడిగాడు. పరీక్షలయ్యాక హాస్టల్‌కి వెళ్తాడట. వాడితో మా ఆరో తీగ మీటించి, మినీకి పంపించాను.