రైజెన్ 7 5700ఎక్స్3డి: పాత బోర్డులో కొత్త ప్రాసెసర్

ఏఎండీ 2024 జనవరిలో విడుదల చేసిన రైజెన్ 7 5700ఎక్స్3డి ప్రాసెసర్‌ను, 2018 నాటి రైజెన్ 5 2600 స్థానంలో అమర్చి చూశాను. బీ450 మదర్‌బోర్డు, డీడీఆర్4 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పాతవే కనుక, ఆటల్లో కనిపించిన తేడా అంతా ప్రాసెసర్‌దే.

కౌంటర్ స్ట్రైక్ 2లో ఆ తేడా స్పష్టంగా తెలిసింది. 1080పి రిజల్యూషన్‌లో సగటు ఫ్రేమ్ రేటు (సెకనుకు తెరపై కనిపించే చిత్రాల సంఖ్య) పెరగడం ఒక ఎత్తయితే, పొగబాంబుల మధ్య కాల్పులు జోరందుకున్నప్పుడు ఇదివరకు వచ్చే తడబాటు దాదాపుగా పోవడం మరో ఎత్తు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మహానగరాల మీదుగా ఎగిరేటప్పుడూ ఇదే అనుభవం. ఇది క్లాక్ స్పీడ్ మహిమ కాదు. దీని గరిష్ఠ వేగం 4.1 గిగాహెర్ట్జ్, చవకైన రైజెన్ 5 5600 కంటే తక్కువే. అసలు బలం 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్‌లో, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీలో ఉంది. 2600లో అది 16 మెగాబైట్లే. ఆటకు కావలసిన సమాచారం ప్రాసెసర్‌లోనే దొరికితే, మాటిమాటికీ ర్యామ్ కోసం ఎదురుచూడవలసిన అవసరం తగ్గుతుంది.

సైబర్‌పంక్ 2077ను 1440పిలో రే ట్రేసింగ్‌తో (వెలుగునీడలను సహజంగా లెక్కగట్టి చూపే పద్ధతి) ఆడినప్పుడు మాత్రం, రద్దీ వీధుల్లో తప్ప, మార్పు కనిపించలేదు. అక్కడ భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. అందువల్ల డబ్బు పెట్టే ముందు, మీరు ఎక్కువగా ఆడే ఆటలో రిజల్యూషన్ ఒక్కటే తగ్గించి చూడండి. ఫ్రేమ్ రేటు బాగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు. ఏమాత్రం కదలకపోతే, చాలావరకు ప్రాసెసరే. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వినియోగం సగమే కనిపిస్తోందని ధీమాపడటం సరికాదు, ఎందుకంటే ప్రాసెసర్‌లోని ఒకటి రెండు కోర్లు పూర్తి భారంతో పనిచేస్తున్నా ఆ మొత్తం అంకె తక్కువగానే ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేములే చూపగల 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవారు ముందు దానిని మార్చుకోవడం మేలు. వీడియో ఎడిటింగే ప్రధానమైతే ఈ అదనపు క్యాష్ లేని 5700ఎక్స్ చాలు.

పెట్టెలో కూలర్ రాదు. 2600తో వచ్చిన చిన్న కూలర్‌ను 105 వాట్ల ప్రాసెసర్‌కు వాడమని నేను చెప్పను. కొత్త ప్రాసెసర్‌ను బోర్డు గుర్తించాలంటే, పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌ను అప్‌డేట్ చేయాలి. కూలర్ తీసేముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి, ఆపి, ప్లగ్ తీసేసి, ఆ వేడి ఆరకముందే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఎత్తాలి. లేకపోతే థర్మల్ పేస్టుకు అతుక్కున్న ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడివచ్చి పిన్నులు వంగిపోవచ్చు.