మనాలి: ఒకసారి జూన్‌లో, ఒకసారి జనవరిలో

హిమాచల్ ప్రదేశ్‌లోని కులు జిల్లాలో, బియాస్ నది ఒడ్డున, సముద్ర మట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉన్న మనాలికి మేము రెండుసార్లు వెళ్లాము. మొదటిసారి పిల్లల వేసవి సెలవులు ముగిసే ముందు, జూన్ మొదటి వారంలో. రెండోసారి సంక్రాంతి దాటాక, జనవరి నెలాఖరులో. రెండుసార్లూ ఇంట్లో వినిపించిన మాట ఒక్కటే: మంచు చూడాలి. ఆ ఒక్క కోరికతో వెళ్లేవారికి మాత్రం వేసవి మనాలిని నేను సిఫారసు చేయను.

జూన్‌లో ఊళ్లో మంచు ఉండదు. పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల దాకా వెళ్తుంది. మధ్యాహ్నం స్వెటర్ తీసి నడుముకు చుట్టుకోవలసి వస్తుంది. మంచు ఉండేది అక్కడికి 51 కిలోమీటర్ల దూరంలో, 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమ దగ్గర. అక్కడికి వెళ్లే ప్రతి పర్యాటక వాహనానికీ పర్మిట్ తీసుకోవాలి, రోజుకు 1,200 వాహనాలకే అనుమతి ఇస్తారు, రోడ్డు మరమ్మతుల కోసం మంగళవారం పూర్తిగా ఆపేస్తారు. ఈ మంగళవారం సంగతి తెలియక సోమవారం రాత్రి ఊళ్లో దిగి, మర్నాడే బయలుదేరుదామని పిల్లలను ఊరించి పడుకోబెట్టిన తెలివైనవాళ్లలో నేనూ ఒకణ్ని.

బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాము. దారిలో కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు నంబర్లతో వరుసగా ఉంటాయి. ఏ నంబరు దగ్గర ఆగాలో మనకన్నా ముందు టాక్సీ డ్రైవర్ నిర్ణయించుకుని ఉంటాడు. అక్కడి నుంచి ముందున్న బండి వెనుక దీపాలు చూస్తూ కూర్చోవడమే పని. పైకి చేరేసరికి పదిన్నర అయింది. ఎండకు కరిగి, గుర్రాల గిట్టల కింద నలిగి, బురదతో కలిసి గోధుమరంగుకు తిరిగిన ఒక మంచుగుట్ట మీద రెండు మూడు వందల మంది నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. మా చిన్నవాడు పై పొరను చేత్తో గోకి, లోపల తెల్లగా ఉన్న దోసెడు మంచును బయటకు తీసి, అదే నిజమైన మంచు అని అందరికీ చూపించాడు. అక్కడ మేము ఉన్నది నలభై నిమిషాలు. రానూపోనూ ప్రయాణానికి పట్టింది పదకొండు గంటలు.

అయితే వేసవి మనాలి ఎందుకూ కొరగాదని చెప్పడం అన్యాయం. మేము ప్రణాళికలో రాసుకోనివే బాగున్నాయి. 2020 అక్టోబరులో ప్రారంభమైన, 9.02 కిలోమీటర్ల పొడవున్న అటల్ సొరంగం ఊరికి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో మొదలవుతుంది. దేవదారు చెట్ల పచ్చదనంలో లోపలికి వెళ్లిన కారు ఒక పావుగంటలో చెట్టూ చేమా పెద్దగా లేని లాహౌల్ కొండల మధ్య, చంద్రా నది పక్కన తేలుతుంది. రోహ్‌తాంగ్ కన్నా మాకు అదే ఎక్కువగా గుర్తుండిపోయింది. ఊరికి మూడు కిలోమీటర్లలో ఉన్న వశిష్ఠ్ గ్రామంలో వేడినీటి బుగ్గలున్నాయి. ఆడవారికీ మగవారికీ వేరువేరు రాతి కుండాలున్నాయి. బాగా నడిచి వచ్చిన సాయంత్రం అందులో కాళ్లు ముంచి కూర్చుంటే లేవబుద్ధి కాదు. 1553లో కట్టిన హిడింబాదేవి చెక్క ఆలయం గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను చెప్పేది ఒక్కటే: ఉదయం ఎనిమిదికి ముందే వెళ్లండి.

జనవరిలో అదే ఆలయం ముందు మేము తప్ప మరో నలుగురే ఉన్నారు. ముందు రాత్రి కురిసిన మంచు అంచెలంచెలుగా ఉన్న ఆ కప్పుల మీద మందంగా పేరుకుంది, చుట్టూ దేవదారు కొమ్మలు బరువుకు వంగి ఉన్నాయి. ఉన్నట్టుండి ఏదో ఒక కొమ్మ మంచును దులుపుకుని పైకి లేస్తుంది, ఆ మెత్తని చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. మంచు కోసం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. హోటల్ గుమ్మంలోనే ఉంది. రోహ్‌తాంగ్ మూసివేసి ఉంటుందన్న దిగులు మొదటి గంటలోనే పోయింది.

ఇందుకు చెల్లించే మూల్యం రోడ్డు దగ్గర తెలుస్తుంది. ఢిల్లీ నుంచి దాదాపు 540 కిలోమీటర్లు. మంచు ఎక్కువగా పడితే బస్సులు ఊరిదాకా రావు. ఊళ్లోని ఏటవాలు సందుల్లో పగలు కరిగిన నీరు తెల్లవారేసరికి అద్దంలా గడ్డకడుతుంది. నేను రెండుసార్లు జారిపడ్డాను, రెండోసారి మాల్ రోడ్డులో అందరి ఎదుటా. మనాలికి ఎగువనున్న సోలాంగ్ లోయ వైపు ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) బండ్లనే వదులుతారు, భారీగా కురిసిన రోజుల్లో సొరంగం ఆవలికి పర్యాటకులను పంపరు. కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవడం తప్పనిసరి.

గది విషయంలో ఇంకా జాగ్రత్తపడాలి. మేము దిగిన హోటల్ వారు బుకింగ్ సమయంలో హీటర్ ఉందని చెప్పారు, దానికి రోజువారీ అద్దె వేరుగా ఉందని గదిలోకి వచ్చాక చెప్పారు. పైగా కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద అది పనిచేయదు. మమ్మల్ని కాపాడింది మోయలేనంత బరువున్న రజాయిలే. అక్కడి కుర్రాడు రాత్రి స్నానాలగదిలో కొళాయిని సన్నని ధారగా వదిలి ఉంచమని చెప్పి వెళ్లాడు. నీళ్లు వృథా అయితే ప్రాణం ఒప్పుకోని మా ఆవిడ దాన్ని గట్టిగా కట్టేసింది. పొద్దున గొట్టంలో నీరు గడ్డకట్టి చుక్క రాలేదు. ఆ కుర్రాడే కెటిల్‌తో మరిగే నీళ్లు తెచ్చి, గొట్టానికి గుడ్డ చుట్టి, పోస్తూ పోస్తూ ఇరవై నిమిషాలకు దాన్ని దారికి తెచ్చాడు.

మంచు చూడాలంటే జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు వెళ్లడం మేలు. అప్పుడైనా ఊళ్లో కురుస్తుందన్న హామీ లేదు, ఈమధ్య కొన్ని శీతాకాలాల్లో నెల రోజులు పొడిగానే గడిచాయి. జూలై, ఆగస్టుల్లో వెళ్లవద్దు. 2023 జూలైలో బియాస్ పొంగి కులు, మనాలి మధ్య రోడ్డును చాలాచోట్ల కోసేసింది.

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ తనకూ మనాలి చూపించమంటోంది. ఆమెను ఆ గడ్డకట్టిన సందుల్లో నడిపించలేను, జూన్ వరుసలో పదకొండు గంటలు కూర్చోబెట్టలేను. వానలు తగ్గాక, సెప్టెంబరు నెలాఖరులో తీసుకెళ్లి, రోహ్‌తాంగ్ ఊసెత్తకుండా వశిష్ఠ్ కుండం దగ్గర వదలాలని అనుకుంటున్నాను.