34 తీగల సెల్టిక్ హార్ప్, ఎడిన్‌బరోలో ఒక హార్ప్ బృందం: ఏళ్ళ తరబడి వాయించాక

సెల్టిక్ హార్ప్ (స్కాట్లాండ్, ఐర్లండ్‌ల సంప్రదాయ తంత్రీ వాద్యం) కొనాలనుకుంటున్నాం, ఏది బాగుంటుంది అని ఎవరైనా అడిగితే, మీకు దగ్గర్లో నలుగురు కూడి వాయించే చోటుందా అని ముందు అడుగుతాను. ఉద్యోగం కోసం ఎడిన్‌బరో వచ్చి, ఇక్కడే ఈ వాద్యం పట్టుకుని, చాలా ఏళ్ళుగా వాయిస్తున్నాను. హార్ప్ అంటే నాకు ప్రాణం. అయినా ఇక్కడ కూడి వాయించే మా హార్ప్ బృందం లేకపోతే మొదటి చలికాలంలోనే వదిలేసి ఉండేదాన్ని. అందుకే ఈ సమీక్ష రెండింటికీ కలిపి.

నాది 34 తీగల లీవర్ హార్ప్. స్కాట్లాండ్‌లో దీన్ని క్లార్సఖ్ అంటారు. ఆర్కెస్ట్రాలో కనిపించే పెడల్ హార్ప్‌కి 47 తీగలు, ఇద్దరు పట్టి మోయాల్సినంత బరువు. ఇది అంత కాదు, ఒక్క మనిషి కార్లో పెట్టుకుని వెళ్ళొచ్చు. కూర్చుని కుడి భుజానికి ఆనించుకోవాలి. పాశ్చాత్య స్వరాల పేర్లతో చెప్పాలంటే, సి తీగలు ఎర్రగా, ఎఫ్ తీగలు నీలంగానో నల్లగానో ఉంటాయి. మిగతా వాటిని వీటిని బట్టే గుర్తుపట్టాలి. మొదటి రోజే చెవికి ఇంపుగా పలుకుతుంది, వయొలిన్‌లా ఏడిపించదు. కష్టమంతా చేతులు కుదరడంలో ఉంది. చిటికెన వేలు వాడం. బొటనవేలు ఎత్తి పట్టాలి, మీటిన ప్రతి వేలూ అరచేతిలోకి ముడుచుకోవాలి, తర్వాతి స్వరాల మీద వేళ్ళు ముందే వెళ్ళి కూర్చోవాలి. ఇంకా మోగుతున్న తీగ మీద వేలు పెడితే జుయ్యిమంటుంది. ఇది అలవాటయ్యేదాకా ఓపిక కావాలి. నేర్పే మనిషి పక్కనుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ప్రతి తీగకీ పైన ఒక చిన్న మీట (లీవర్) ఉంటుంది. ఎత్తితే ఆ తీగ అర స్వరం పెరుగుతుంది. మామూలుగా ఈ-ఫ్లాట్ మేజర్‌లో (ఈ-ఫ్లాట్ షడ్జమంగా మన శంకరాభరణం అనుకోండి) శ్రుతి చేసి పెడతారు, అక్కణ్ణుంచి మీటలతో ఎనిమిది మేజర్ స్కేళ్ళు దొరుకుతాయి. పాట మధ్యలో స్వరం మార్చాలంటే మాత్రం ఎడమ చెయ్యి తీగలు వదిలి పైకి పరుగెత్తాలి. జాజ్ మీద మోజున్నవాళ్ళకి ఇది పెద్ద ఇబ్బందే. స్కాటిష్, ఐరిష్ పాటలకి ఏ లోటూ లేదు.

మన సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్ళు ఒక పని చేసి చూడండి. ఈ-ఫ్లాట్ శ్రుతిలోనే ఉంచి, బి, ఎఫ్ మీటలు మాత్రం ఎత్తండి. జి తీగని షడ్జమం అనుకుని వరసగా మీటుకుంటూ పోండి. మాయామాళవగౌళ వస్తుంది, మధ్యలో ఒక్క తీగ కూడా దాటెయ్యక్కర్లేదు. సరళీ వరసలు, జంట వరసలు హార్ప్ వేళ్ళకి ఇంత మంచి సాధకమని నేనూ అనుకోలేదు. ఇప్పటికీ పొద్దున్నే వాటితోనే మొదలుపెడతాను. పాత స్కాటిష్ పాటలు చాలావాటిలో ఐదు స్వరాలే ఉంటాయి కాబట్టి, మోహనం విన్న చెవికి అవి తొందరగా పట్టుబడతాయి.

గమకం, అంటే స్వరాన్ని ఊపడం, మాత్రం రాదు. తీగని పక్కకి లాగడానికి వీణకున్నట్టు మెట్లు లేవు. మా అమ్మ వీణ వాయిస్తుంది. వీడియో కాల్‌లో విని, "బాగుందే అమ్మలూ, కానీ స్వరాలన్నీ నిలబడిపోయాయి, ఒక్కటీ ఊగట్లేదేం?" అంది. ఆవిడన్నది నిజం. తోడి లాంటి రాగాల జోలికి దీనిమీద వెళ్ళకండి. నొట్టుస్వరాలు మాత్రం చక్కగా కుదురుతాయి. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మద్రాసు వైపు విన్న పాశ్చాత్య బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టినవి కదా అవి, ఆ బాణీల్లో గమకాల పని లేదు. మా బృందంలో ఒకటి వాయించి వినిపిస్తే ఆ సాయంత్రమే అందరూ పట్టేశారు.

ఇక నిర్వహణ గురించి అమ్మేవాళ్ళు పెద్దగా చెప్పరు. శ్రుతి రోజూ చూసుకోవాలి. చలికాలంలో హీటర్ వేశారంటే గంటలో మారిపోతుంది. 34 తీగలూ ఒక్కొక్కటే ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) చూసి, పిన్నులు తిప్పే తాళంచెవితో సరిచేయడానికి అలవాటైతే పది నిమిషాలు, కొత్తలో అంతకు మూడింతలు. సన్న తీగలు తెగుతాయి, అది కంగారుపడే విషయం కాదు. కొత్తది వేసేటప్పుడు, చివర ఒక పాత తీగ ముక్కని పెట్టి ముడి వేస్తాం, ముడి రంధ్రంలోంచి జారిపోకుండా. పెట్టె వెనకున్న కన్నంలోంచి చెయ్యి లోపలికి పెట్టి, చీకట్లో వేలితో తడిమి, సౌండ్‌బోర్డు (తీగలు బిగించే ముందు పలక) రంధ్రం దొరకబుచ్చుకుని తీగని పైకి తోయాలి. మీట పక్కనుంచి పోనిచ్చి, పైన పిన్నుకి చుట్టి బిగించాలి. నైలాన్ తీగైతే వారం పైగా సాగుతూనే ఉంటుంది, గంటకోసారి శ్రుతి దిగిపోతుంది. కచేరీ ముందు రోజు తీగ తెగితే మాత్రం దేవుడే దిక్కు. నాకు ముడి వెయ్యడం నేర్పింది బృందంలో ఒక పెద్దావిడ. వీడియోల్లో ఎన్నిసార్లు చూసినా అర్థం కాని మెలిక, ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక్కసారి వేయిస్తే వచ్చేసింది.

బృందంలో పాఠం చెవితోనే. కాగితాలుండవు. నేర్పేవారు రెండు వరసలు వాయిస్తారు, అందరం తిరిగి వాయిస్తాం, పట్టుబడితే ఇంకో రెండు. నిన్న మొన్న చేరినవాళ్ళు ఎడమ చేత్తో రెండు స్వరాలు మీటుతూ కూర్చున్నా చాలు, వాళ్ళూ పాటలో ఉన్నట్టే. నేను చిన్నప్పుడు మాస్టారి ముందు కూర్చుని నేర్చుకున్న పద్ధతి కూడా ఇదే కావడంతో మొదటి రోజు నుంచీ పరాయితనం అనిపించలేదు.

ఈ పద్ధతిని వీళ్ళు అంత గట్టిగా పట్టుకోవడానికి కారణముంది. పాత రోజుల్లో ఈ సంగీతం మనిషి నుంచి మనిషికే వెళ్ళేది. ఐర్లండ్‌లో పేరుమోసిన హార్ప్ విద్వాంసుడు టర్లో ఓ'కారొలన్ (1670–1738) అంధుడు, ఊరూరా తిరిగి తనని ఆదరించిన ఇళ్ళవాళ్ళ మీద బాణీలు కట్టాడు. 1792లో బెల్ఫాస్ట్‌లో మిగిలిన హార్ప్ కళాకారుల్ని పోగేస్తే పదకొండు మందే వచ్చారు. వాళ్ళు వాయించినవి రాసుకోవడానికి ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి పెట్టారు. లోహపు తీగల్ని గోళ్ళతో మీటే పాత పద్ధతి అక్కడ తొంభై దాటిన ఒక్క డెనిస్ హెంప్సన్ దగ్గరే మిగిలుంది. ఆ తరం పోయాక ఆ పరంపర తెగిపోయింది. ఇప్పుడు గోళ్ళతో వాయించేవాళ్ళు రాతప్రతుల నుంచి, మ్యూజియంలలో ఉన్న వాద్యాల నుంచి తిరిగి నేర్చుకున్నవాళ్ళు. ఇక్కడి నేషనల్ మ్యూజియంలో ఉన్న పాతకాలపు వాద్యం క్వీన్ మేరీ హార్ప్‌ని తప్పక చూడండి, చెక్క మీద చెక్కడపు పనికే గంట నిలబడాలనిపిస్తుంది. ఐరిష్ హార్ప్ వాదనాన్ని యునెస్కో 2019లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. నా లెక్కలో దాన్ని బతికిస్తున్నది మాత్రం ఇలాంటి బృందాల్లో పాట వెంట పాట చెప్పేవాళ్ళే.

మా బృందంతో ఇబ్బందులూ ఉన్నాయి. కొన్ని కలయికలు పనిరోజుల్లో పగలు పెడతారు, ఉద్యోగాలు చేసేవాళ్ళకి కుదరదు. కారు లేకపోతే మోత కష్టం, బస్సులో ఎక్కించొచ్చుగానీ వాన పడితే ప్రాణం విలవిల్లాడుతుంది. చిన్నవయసు వాళ్ళు తక్కువ. ఈ మాట బృందంలోనూ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

డబ్బు సంగతి. మంచి కంపెనీ 34 తీగల హార్ప్ కొత్తదైతే మూడు వేల పౌండ్ల చుట్టుపక్కల, ఆపైన ఎంతైనా. వెంటనే అంత పెట్టొద్దు. స్కాట్లాండ్‌లో ఉంటే 1931 నుంచీ ఉన్న క్లార్సఖ్ సొసైటీ సభ్యులకి హార్ప్‌లు అద్దెకిస్తుంది, నేను మొదలుపెట్టిందీ అలాగే. అద్దెది వాయించాక మీ భుజానికి ఏ ఎత్తు సరిపోతుందో, తీగలు ఎంత బిగువుగా ఉంటే మీ వేళ్ళకి నచ్చుతుందో తెలుస్తుంది. వసంతంలో ఎడిన్‌బరో హార్ప్ ఫెస్టివల్‌కి తయారీదారులు వాద్యాలు తెస్తారు, కూర్చుని వాయించి చూడనిస్తారు. ఒళ్ళో పెట్టుకునే 22 తీగల చిన్న హార్ప్‌లు చవగ్గా ఉంటాయిగానీ ఎడమ చేతికి కింది స్వరాలు చాలవు, పెద్దవాళ్ళకి నేను చెప్పను.

పాతది కొంటే సౌండ్‌బోర్డు కొంచెం ఉబ్బినట్టున్నా భయపడకండి, తీగల లాగుడికి అది మామూలే. మెడ (పిన్నులుండే పై వంపు) దగ్గర చెక్కలో పగులు కనిపిస్తే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు. ప్రతి మీటా ఎత్తి ట్యూనర్‌తో చూడండి, అర స్వరం కంటే ఎక్కువో తక్కువో పలుకుతుంటే సర్దించడానికి ఎంతవుతుందో కనుక్కుని ఆ మేరకు ధర తగ్గించమనండి.