ఐదేళ్లు చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్ గురించి, ముఖ్యంగా దాని బ్యాటరీ గురించి

ముందే చెప్పేస్తున్నా, ఇది కోపంతో రాస్తున్న సమీక్ష. డైవ్ కంప్యూటర్ అంటే సముద్రం లోపలికి దిగేవాళ్లు మణికట్టుకి కట్టుకునే గడియారం లాంటిది, ఎంత లోతులో ఎంతసేపు ఉన్నామో లెక్కపెడుతుంది. కోపం తగ్గాక రాద్దామని ఏడాది ఆగాను, తగ్గలేదు. అండమాన్‌లో డైవింగ్‌కి వెళ్లేటప్పుడు విమానం, ఫెర్రీ, రూము, డైవ్ షాపు అన్నీ నెలల ముందే చూసుకుంటాం కదా, నేనూ చూసుకున్నా. చూసుకోనిదల్లా రెండొందలు కూడా చెయ్యని ఒక బిళ్ల బ్యాటరీ. అది నా ఆరు డైవుల్లో మూడింటిని మింగేసింది.

కంపెనీ పేరు చెప్పను. ఈ రకం బ్యాటరీ చాలా కంపెనీలు వాడతాయి, ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు. కోర్సు పూర్తయ్యాక చాలామంది మొదట కొనే చవక రకం ఇది (చవక అంటే డైవింగ్ లెక్కలో చవక, మా అమ్మకి ఇప్పటికీ సగం ధరే చెప్పాను). లోతు, టైము, ఇంకా ఎన్ని నిమిషాలు ఉండొచ్చు లాంటివి ఏ కంప్యూటరైనా చూపిస్తుంది, వాటి జోలికి పోను. దీంతో డెబ్బైకి పైగా డైవులు చేశాను. సగం ఇక్కడే విశాఖలో రుషికొండ వైపు, మిగతావి అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో. దానికి 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు గానీ నా నోరు ఇంకా హేవ్‌లాక్ అనే అంటుంది.

కొన్న కొత్తలో దీన్ని తెగ పొగిడేవాణ్ణి, అదీ ఒకే ఒక్క విషయానికి. డైవ్ అయ్యి పైకి రాగానే తెర మూలన చిన్న విమానం బొమ్మ, పక్కన గంటలు కనిపిస్తాయి. ఆ గంటలు సున్నా అయ్యేదాకా విమానం ఎక్కకూడదని అర్థం. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది, అది మెల్లగా పోకముందే ఒత్తిడి తక్కువ ఉన్న చోటికి వెళ్తే గోలీసోడా కొట్టినట్టు బుడగలు కడుతుంది. ఈ బొమ్మ వచ్చాక నా ట్రిప్ ప్లాన్ తలకిందులైంది. ఇప్పుడు తిరుగు విమానం టైముతో మొదలుపెట్టి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తాను. టూర్ ప్యాకేజీల వాళ్లు చాలావరకు మొదటి రోజే సెల్యులార్ జైలు, రాస్ ఐలాండ్ చూపించేసి, చివర్లో హేవ్‌లాక్ తీసుకెళ్లి అక్కణ్నుంచి పరుగున విమానం ఎక్కిస్తారు. డైవ్ చేసేవాళ్లకి అది పూర్తిగా తప్పు. పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగిన రోజే ఫెర్రీ పట్టుకుని హేవ్‌లాక్ వెళ్లిపోవాలి, జైలు చివరి రోజుకి ఉంచుకోవాలి. ఎలాగూ ఆ రోజు నీళ్లలో దిగలేం.

ఈ బొమ్మ మీద నాకు భక్తి కుదిరింది మాత్రం అండమాన్‌లో కాదు, శృంగవరపుకోటలో. మూడేళ్ల కిందట పొద్దున రుషికొండలో రెండు డైవులు చేసి, హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలతో మధ్యాహ్నం అరకు బయల్దేరాను. ఘాట్ ఇంకా మొదలవకముందు టీకి ఆగాం. డబ్బులివ్వడానికి చెయ్యి చాపితే మణికట్టు మీద విమానం బొమ్మ. మనం విమానం ఎక్కట్లేదు కదా అనుకున్నాను. రెండు గుక్కలు తాగాక నాకు వెలిగింది. అరకు 900 మీటర్లకు పైనే ఉంది, డైవర్ల ఆరోగ్యం చూసే డాన్ సంస్థ వాళ్ల నియమం 600 మీటర్ల ఎత్తు నుంచే వర్తిస్తుంది. కొండెక్కినా విమానం ఎక్కినట్టే లెక్క. చుట్టాల్ని పంపించేసి నేను ఆర్టీసీ బస్సులో వెనక్కి వచ్చేశాను. “గడియారంలో బొమ్మొచ్చిందని వెనక్కి పోతావేంట్రా” అని మా పెద్దమ్మ ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పి నవ్విస్తుంది.

అంత పొగిడాక ఇప్పుడు కాస్త సర్దుకోవాలి. నా మోడల్ ఏ డైవ్‌కైనా 24 గంటలే వేస్తుంది. ఎనిమిది మీటర్లలో ఇరవై నిమిషాలు ఆడుకున్నా అంతే, ముప్పై మీటర్లకి రెండుసార్లు దిగినా అంతే. డాన్ వాళ్లేమో ఒక్క డైవ్‌కి కనీసం 12 గంటలు, వరసగా చాలా చేస్తే 18 గంటలు ఆగమంటారు. అంటే నేను మురిసిపోయిన ఆ లెక్క లెక్కే కాదు, పొయ్యి దగ్గర పెట్టుకునే టైమర్ లాంటిది. తక్కువ చూపించి ముంచడం కన్నా ఎక్కువ చూపించడం నయమే అనుకోండి, కానీ మొదట్లో నేను అందరికీ చెప్పినంత తెలివి దానికి లేదు.

ఇక బ్యాటరీ. నిరుడు మార్చిలో నేనూ మా బావమరిదీ హేవ్‌లాక్ వెళ్లాం. మూడు రోజులు, రోజుకి రెండు డైవులు. మూడో రోజు మధ్యాహ్నానికి డైవింగ్ ముగించి, మర్నాడు పొద్దున ఫెర్రీ, ఆ సాయంత్రం జైలు, ఆపై రోజు విమానం. కాగితం మీద పెళ్లి ముహూర్తంలా కుదిరింది. మొదటి రోజు రెండు డైవులూ బాగా జరిగాయి. సాయంత్రం రూముకి వచ్చి తడి టీషర్టు, బూట్లు, కంప్యూటర్ అన్నీ ఒకే వలసంచిలో పడేసి వరండాలో తగిలించాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

రెండో రోజు డిక్సన్స్ పినాకిల్ అనే డైవ్ చోటు. పొద్దున బోటెక్కేటప్పుడు బ్యాటరీ గుర్తు ఒక గీతకి దిగింది, చూశాను, చూసి ఊరుకున్నాను. ఇరవై ఎనిమిది మీటర్ల దాకా దిగాం, బండరాళ్ల మీద మెత్తటి పగడాలు, వాటి చుట్టూ చేపలు గుంపులు గుంపులుగా, ఆ డైవ్ గురించి వేరే రాయొచ్చు. పైకొచ్చి రెండో డైవ్‌కి ముందు గంట విరామంలో అరటిపండు తింటూ చేతికేసి చూస్తే తెర ఖాళీ. ఒక బటన్ నొక్కాను, రెండూ కలిపి నొక్కాను, తుండుతో తుడిచి నొక్కాను. మా బావమరిది ఇంకా గట్టిగా నొక్కాడు, అదో సాయం.

షాపు వాళ్ల కంప్యూటర్ ఒకటి బోటులో ఉంది, అది అడిగాను. ఇన్‌స్ట్రక్టర్ కుర్రాడు హిందీలో మెత్తగానే చెప్పాడు, “ఇస్తాను అన్నా, కానీ మీరు ఇవాళ, నిన్న నీళ్లలో దిగారని దానికి తెలీదు కదా.” నా ఒంట్లో ఎంత నైట్రోజన్ ఉందో లెక్క ఉన్నది చచ్చిపోయిన ఆ ఒక్క డబ్బాలోనే. కొత్త కంప్యూటర్ నన్ను అప్పుడే పుట్టినవాడిలా చూసి, రెండో డైవ్‌కి కూడా మొదటి డైవ్ అన్ని నిమిషాలు ఇచ్చేస్తుంది. ముప్పై మీటర్లకి మామూలు గాలితో మొదటిసారి దిగితేనే డైవర్ల పట్టికలో ఇరవై నిమిషాలు, తర్వాత ఇంకా తగ్గాలి. తేడా వస్తే, ఆ బుడగలకి వైద్యం చేసే ఒత్తిడి గది, అదే ఛాంబర్, ఉన్నది పోర్ట్ బ్లెయిర్ నౌకాదళ ఆసుపత్రిలో, మధ్యలో ఫెర్రీ. ఇరవై నాలుగు గంటలు ఒడ్డున ఉండండి అన్నాడు. అతని తప్పేం లేదు, కోర్సులో నేర్పేదీ అదే. కానీ ఇరవై నాలుగు గంటలంటే మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర, బోటు బయల్దేరేది ఆరున్నరకి. అంటే మర్నాడి రెండు డైవులూ కూడా పోయినట్టే. విమానం రోజు దగ్గరపడుతోంది కాబట్టి వాయిదా వెయ్యడానికీ లేదు. ఎంత చక్కగా వెనక్కి లెక్కపెట్టి ప్లాన్ వేశానో అంత చక్కగా ఇరుక్కున్నాను.

ఆ మధ్యాహ్నం హేవ్‌లాక్‌లోని గోవింద్ నగర్ బజారు మొత్తం తిరిగాను. దానికి కావాల్సింది సీఆర్ 2450, అన్ని షాపుల్లోనూ ఉన్నది సీఆర్ 2032. ఆ అంకెలే కొలతలని ఆ రోజే తెలిసింది, 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, 2450 అంటే 24.5 వెడల్పు, 5 మందం. ఒక షాపాయన సిగరెట్ పెట్టెలో వెండిరంగు కాగితం మడతపెట్టి 2032 కింద పెట్టి ఇచ్చాడు. ఒక్క క్షణం వెలిగింది, ఆరిపోయింది. మర్నాడు బావమరిది జానీస్ గార్జ్ అనే ఇంకో డైవ్ చోటుకి వెళ్లి షార్కులు చూసొచ్చాడు. వైట్‌టిప్ రకం, ఇసుక మీద పడుకుని ఉన్నాయట. భోజనం అయ్యేదాకా అవే షార్కులు. నేను రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూశాను, అక్కడ ఐదున్నరకే చీకటి పడిపోతుంది, అదొక్కటే అదృష్టం.

సెల్లు దొరికింది పోర్ట్ బ్లెయిర్‌లో, అబర్డీన్ బజారులో ఒక చిన్న వాచీల షాపులో. ఫోన్‌లో నేను మాట్లాడుతుంటే విని, “ఏటి బాబూ, మనోళ్లేటి? ఏ ఊరు?” అన్నాడు పెద్దాయన. వాళ్ల తాతది పలాస వైపట. కార్ల తాళాలకి కూడా పడుతుందని 2450 తెప్పించి ఉంచుతాడట. “డేటు సూసి తీసుకో బాబూ” అని రెండు ఇచ్చాడు. మర్నాడు విమానం, నేను రెండు సెల్లులు చేతిలో పట్టుకుని జైలు చూశాను.

ఇంటికొచ్చాక కంప్యూటర్‌తో ఇచ్చిన పుస్తకం చదివితే తెలిసింది. పక్కన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, నీళ్లు తగిలితే కంప్యూటర్ దానంతటదే మేలుకోవడానికి. తడి బట్టల మధ్య సంచిలో అది రాత్రంతా సముద్రంలో ఉన్నాననుకుని మేలుకునే ఉంది పాపం. సగం తప్పు నాది, ఒప్పుకుంటాను. మిగతా సగం ఆ బ్యాటరీ గుర్తుది. ఈ లిథియం సెల్లు చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది, గీతలు చూసి ఇంకా ఉందిలే అనుకోవడానికి లేదు. ఆ సంగతి తయారుచేసినవాళ్లకి తెలుసు, ఒక గీత కనిపిస్తే ఇవాళే మార్చు అని పెద్దక్షరాలతో రాయొచ్చుగా. డెబ్బై పేజీల పుస్తకంలో నలభయ్యో పేజీలో ఉంది.

కొనొచ్చా అంటే, నాలా విశాఖలో ఉండి సముద్రం బాగున్నప్పుడల్లా దిగేవాళ్లకి పరవాలేదు, నేనింకా అదే కట్టుకుంటున్నాను. జీవితంలో ఒక్కసారి ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని దిగొద్దాం అనుకునేవాళ్లకి అసలు అక్కర్లేదు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ ఉంది, రెండు రోజులకు పైగా పడుతుంది. అంత సెలవు దొరికేవాళ్లకైతే విమానం బొమ్మతో పనే లేదు. బావమరిది ఛార్జింగ్ రకం కొన్నాడు, హేవ్‌లాక్‌లో రాత్రి కరెంటు పోతే ఏం చేస్తాడో ఫిబ్రవరిలో చూడాలి. నా సంచిలో మాత్రం రెండు 2450లు, మూతలోంచి నీళ్లు పోకుండా ఆపే రబ్బరు రింగు (ఓ-రింగ్) కొత్తది ఒకటి, వెనక మూత తిప్పడానికి ఒక రెండు రూపాయల బిళ్ల. ఐదు రూపాయలది లావు, ఆ గాడిలో పట్టదు.