బొమ్మ కింద ఊరి పేరు, పక్కన ధర: శ్రీకాకుళంలో నా వెబ్‌సైట్ బాగుచేయించుకున్న అనుభవం

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. నీటి రంగుల బొమ్మలు వేస్తాను. మూడేళ్ల పాటు నా వెబ్‌సైట్ ద్వారా ఒక్క బొమ్మ కూడా అమ్ముడుపోలేదు. గడిచిన ఆరు నెలల్లో పద్నాలుగు అమ్ముడుపోయాయి. ఈ తేడాకు కారణమైన ఇద్దరు పిల్లల పనితనం గురించి రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. డే అండ్ నైట్ కూడలి దగ్గర మేడ మీద ఒక చిన్న గది, అందులో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, రెండు కంప్యూటర్లు. నేను ఇచ్చింది 18,000 రూపాయలు, రెండు విడతలుగా.

పాత సైటును వేరే ఊరి సంస్థ ఒకటి చేసిపెట్టింది. తెరవగానే వేణువు మోగేది, బొమ్మలు వాటంతటవే పక్కకు జరిగిపోయేవి. ఒక్కో ఫొటో 8 ఎంబీ, అలాంటివి నలభై మొదటి పేజీలోనే. టెక్కలిలో మా అక్క తన ఫోనులో తెరిస్తే చాలాసేపు తెల్లటి తెర తప్ప మరేమీ కనిపించలేదు. అంతకంటే బాధ కలిగించిన విషయం ఒకటుంది. సైటులోని ఫారం నింపి ఎవరైనా ఉత్తరం రాస్తే, అది నాకు తెలియని ఒక మెయిలుకు వెళ్లి పడేది. కొత్తవాళ్లు దాన్ని వెతికి తెరిపిస్తే నాలుగు ఉత్తరాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి కూతురి పెళ్లికి బహుమతిగా నా బొమ్మ కావాలని ఒక తండ్రి రాసినది. అప్పటికి ఆ పెళ్లి జరిగి ఎనిమిది నెలలు. సైటు చిరునామాను కూడా ఆ సంస్థ తన పేరు మీదే నమోదు చేసుకుంది. దాన్ని నా పేరుకు మార్పించడానికే ఈ పిల్లలకు మూడు వారాలు పట్టింది.

మొదటి రోజు ఆ అమ్మాయి ‘అంతరంగం-7’ అనే బొమ్మ చూపించి, “మాస్టారూ, ఇది ఏ ఊరండీ?” అని అడిగింది.

“నౌపడ ఉప్పు మడులమ్మా.”

“మరి ఆ మాట ఎక్కడా రాయలేదేమండీ?”

అలా అరవై రెండు బొమ్మలకూ ఊరి పేర్లు చెప్పించింది. రెండు గంటలు పట్టింది. కళింగపట్నం లైట్‌హౌస్, నాగావళి వంతెన, తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టుకున్న ఎర్రకాళ్ల కొంగలు, శ్రీకూర్మం కోనేటి మెట్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత ఉద్దానం వెళ్లి, కూలిపోయిన కొబ్బరి తోటల మధ్య కూర్చుని వేసిన బొమ్మలు తొమ్మిది ఉన్నాయి. వాటికి నేను ‘శూన్యం’ అని పేరు పెట్టి అంకెలు వేశాను. ఊరి పేరు రాస్తే చూసేవారి ఊహకు కంచె వేసినట్టవుతుందని వాదించాను కూడా. ఆ అమ్మాయి నెమ్మదిగా, “శూన్యం అని వెతికేవారు మీ బొమ్మ కోసం వెతకరు మాస్టారూ. ఉద్దానం అని వెతికేవారు ఉద్దానం వాళ్లే అయి ఉంటారు” అంది. మన జిల్లా మనుషులు పని కోసం ఎన్ని ఊళ్లకు వెళ్లి స్థిరపడ్డారో నాకు తెలియనిది కాదు. వాళ్లలో నా కొనుగోలుదారులు ఉన్నారన్న ఆలోచన మాత్రం అంతవరకు రాలేదు.

ధర విషయంలో అబ్బాయి పట్టుబట్టాడు. పాత సైటులో ‘ధర కోసం సంప్రదించండి’ అని ఉండేది. మనవాళ్లు ధర అడిగి, కొనలేక వెనక్కి తగ్గడానికి మొహమాటపడతారని, అసలు అడగకుండానే వెళ్లిపోతారని అతని మాట. ఇప్పుడు 11×15 అంగుళాల బొమ్మ 4,500, 15×22 అంగుళాలది 9,000 అని బొమ్మ పక్కనే ఉంది. దాని కింద కాగితం రకం (300 జీఎస్‌ఎం కాటన్, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే నూలు కాగితం), ఫ్రేము ఉందా లేదా, ఎలా పంపుతాను, దారిలో పాడైతే ఏం చేస్తాను అన్నవి నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. బొమ్మ కొన్నంత మాత్రాన కాపీరైటు కొన్నట్టు కాదన్న ముక్కను నేనే చేర్పించాను. ఎవరో డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న బొమ్మ కాకపోతే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప ఆ హక్కు వేసినవాడి దగ్గరే ఉంటుంది. కొన్న బొమ్మను క్యాలెండరు మీద అచ్చు వేయించే ముందు ఇది తెలియాలి కదా.

ఫొటోల కోసం రెండుసార్లు ఇంటికి వచ్చారు. నేను ట్యూబు లైటు కింద తీసిన వాటిలో ఉప్పు మడుల బూడిద రంగు నీలంగా పడింది. వాళ్లు పొద్దున్నే వరండాలో, ఎండ నేరుగా తగలని చోట, పక్కన తెల్ల కాగితం పెట్టి తీశారు. తెలుపు తెలుపులా కనిపించేదాకా సరిచేసి, ఒక్కో ఫొటోను 300 కేబీ లోపుకు తగ్గించారు. మా అక్క ఫోనులో ఇప్పుడు వెంటనే తెరుచుకుంటోంది.

డబ్బు చెల్లింపు సులువు. యూపీఐ అయితే నేరుగా నా బ్యాంకు ఖాతాలో పడుతుంది. కార్డుతో కడితే మధ్య సంస్థకు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పోతుంది. 4,500 రూపాయల బొమ్మకు అది 106 రూపాయల 20 పైసలు.

తిత్లీ బొమ్మల్లో మొదటిదాన్ని హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఉద్దానం మనిషి కొన్నారు. డబ్బు కట్టాక ఫోను చేసి, నేను ఏ దారి పక్కన కూర్చుని వేశానో, ఎడమవైపు బావి ఉందో లేదో అడిగారు. ఆ తోట తన తండ్రిది కాదని తేలాక కూడా బొమ్మ తనకే కావాలన్నారు. మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడు ఎంత ఎదిగాయో వచ్చి అవీ వేయమన్నారు. వేసి పంపాను.

లోపాలూ చెప్పాలి. కళింగపట్నం సూర్యాస్తమయాలు రెండింటికి ఎరుపు పెంచారు. అసలు బొమ్మ చూసిన కొనుగోలుదారు మోసపోయానని అనుకునే ప్రమాదం ఉందని గట్టిగా చెబితే మళ్లీ తీశారు. ఎంచుకున్న తెలుగు అక్షరాల్లో కొన్ని ఒత్తులు ఇప్పటికీ కింది వరుస మీద పడుతున్నాయి. చెప్పిన గడువు నెల, పని పూర్తయింది ఏడు వారాలకు.

మీరు కూడా వారి దగ్గరకు వెళ్లదలిస్తే బొమ్మల జాబితా, కొలతలు, ఊళ్ల పేర్లు ముందే ఒక పుస్తకంలో రాసుకుని వెళ్లండి. సైటు చిరునామా ఎవరి పేరు మీద నమోదవుతుందో డబ్బు ఇవ్వకముందే అడగండి. ఆదివారం తెరవరు.