ఇంటెలా, ఏఎండీనా?

డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకునేవాళ్లు చాలామంది, ఇంటెల్ ప్రాసెసరా, ఏఎండీ ప్రాసెసరా అని తేల్చుకోవడానికి ధర చూస్తారు. నేనైతే ముందు మదర్‌బోర్డు (ప్రాసెసర్‌ను బిగించే ప్రధాన బోర్డు) సంగతి చూడమంటాను. 2017లో ఏఎండీ ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బోర్డు మీద మొదటి తరం రైజెన్ ప్రాసెసర్ పెట్టించుకున్నవాళ్లలో చాలామంది, బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన రైజెన్ 5800ఎక్స్3డీ దాకా వెళ్లగలిగారు. బోర్డు అదే, ర్యామ్ అదే. ఇంటెల్‌లో ఆ వెసులుబాటు తక్కువ. 12, 13, 14 తరాలకు ఒకే సాకెట్ ఉన్నా, 2024లో కోర్ అల్ట్రా 200 ప్రాసెసర్లు రాగానే సాకెట్ మారిపోయి, వాటికి కొత్త బోర్డు కావాల్సి వచ్చింది. విడతలవారీగా డబ్బు పెట్టే మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

గేములకూ నా ఓటు ఏఎండీకే. రైజెన్ 7800ఎక్స్3డీలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఉంటుంది కాబట్టి, పదేపదే కావాల్సిన డేటా కోసం ర్యామ్ దాకా వెళ్లాల్సిన పని తగ్గుతుంది. ఆఫీసు పనికి ఏదైనా ఒకటే.

వీడియో ఎడిటింగ్ అయితే ఇంటెల్ వైపు మొగ్గుతాను. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో వచ్చే క్విక్‌సింక్ (వీడియో పనిని వేగంగా చేసే ఇంటెల్ సదుపాయం) ఉంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకున్నా ఎక్స్‌పోర్ట్ త్వరగా అవుతుంది. కానీ పేరు చివర ‘ఎఫ్’ ఉందేమో చూసుకోండి: ఐ5-12400 ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటుంది, 12400ఎఫ్‌లో ఉండదు. కార్డు లేకుండా అది కొంటే మానిటర్‌లో బొమ్మే రాదు. 13, 14 తరాల ఇంటెల్ ఐ7, ఐ9 సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటే, ఎక్కువ వోల్టేజీతో చిప్ దెబ్బతినే సమస్యను సరిచేసే బయోస్ ఎప్పుడు ఎక్కించారో తప్పకుండా అడగండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ అప్‌డేట్ బాగుచేయదు.