సముద్రం ఊరిని మింగుతుంటే ఏది మేలు: గట్టు కట్టడమా, ఊరు తరలించడమా, పట్నంలో చోటివ్వడమా?

తీరం కోతకు గురైనా, ఉప్పునీరు పొలాల్లోకి చేరినా ప్రభుత్వాల ముందు మూడు దారులుంటాయి. ఒకటి, ఉన్నచోటే జనాన్ని కాపాడటం. రెండోది, ఊరిని మొత్తంగా మరోచోటికి తీసుకెళ్లడం. మూడోది, ఎలాగూ వలస వెళ్తున్నారు కాబట్టి వాళ్లు చేరే చోట బతుకు కుదిరేలా చూడటం. వాతావరణ మార్పుల వల్ల 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా సొంత దేశంలోనే చోటు మారాల్సి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో లెక్క వేసింది. అందులో దక్షిణాసియా వాటా దాదాపు 4 కోట్లు. మన బంగాళాఖాతం చుట్టూ ఈ మూడు దారులూ ఇప్పటికే నడిచాయి కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ముందు గట్ల సంగతి. బంగ్లాదేశ్ తీరంలో 1960ల నుంచి 139 పోల్డర్లు, అంటే చుట్టూ కట్టలు పోసిన లంకల్లాంటివి, కట్టారు. వరి పండింది, జనం నిలిచారు. కానీ నదులు మోసుకొచ్చే ఒండ్రు పొలాల మీదికి రాకుండా ఆగిపోయింది. లోపలి నేల కుంగుతూ, బయట నది మట్టం పెరుగుతూ వచ్చింది. 2009 మేలో ఐలా తుఫానుకు కట్టలు తెగినప్పుడు కొన్ని పోల్డర్లు నెలల తరబడి, కొన్నిచోట్ల రెండేళ్ల దాకా ఆటుపోట్ల నీళ్లలోనే ఉండిపోయాయి. మన ఉప్పాడలోనూ జియోట్యూబులు, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు, వేశారు, రాళ్లు పోశారు. తుఫాను వచ్చిన ప్రతిసారీ కాకినాడ బీచ్ రోడ్డు కోసుకుపోతూనే ఉంది.

అలాగని ఉన్నచోటే కాపాడే ఈ దారిని కొట్టిపారేయలేం. 1970 తుఫానులో ఇప్పటి బంగ్లాదేశ్‌లో మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. 2020లో ఆంఫన్ వచ్చినప్పుడు ఆ సంఖ్య కొన్ని పదులు దాటలేదు. ముందస్తు హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు, వాలంటీర్లే దానికి కారణం. ప్రాణాలు కాపాడటంలో దీన్ని మించింది లేదు. అయితే పొలం, తాగునీరు పోయిన మనిషికి ప్రాణం ఒక్కటే మిగిలితే సరిపోదు.

రెండో దారి చూడాలంటే ఒడిశాలోని కేంద్రపడా జిల్లాకు వెళ్లాలి. సాతభాయా పంచాయతీలో ఊళ్లు ఒకదాని వెనక ఒకటి సముద్రంలో కలిసిపోయాయి. మిగిలిన 571 కుటుంబాలను ఒడిశా ప్రభుత్వం లోపలికి, బగపాటియా అనే చోటికి తరలించింది. ఇంటికి 10 సెంట్ల స్థలం, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర ఇచ్చారు. 2018లో ఊరి దేవతలైన పంచుబరాహీ విగ్రహాలను కూడా కొత్త చోటికి తెచ్చారు. తరతరాలుగా ఆ గుడిలో పూజ చేసేది ఆడవాళ్లే. ఆ దేవతలను వదిలి రాలేమని జనం అన్నప్పుడు అధికారులు విన్నారు. అది చిన్న విషయం కాదు. ఊరంటే ఇళ్ల లెక్క మాత్రమే కాదని తెలిసిన పని అది.

కానీ పొలం ఇవ్వలేదు. సేద్యం చేసుకున్నవాళ్లకు 10 సెంట్లలో ఇల్లు పోగా మిగిలేదేముంది? మగవాళ్లు కేరళకు, ఇతర రాష్ట్రాలకు కూలికి వెళ్లడం మొదలుపెట్టారు. వలస ఆపడానికి చేసిన తరలింపు మళ్లీ వలసకే దారి తీసింది. దీనికి మూలం చట్టంలో ఉంది. ప్రాజెక్టు కోసం ప్రభుత్వం భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం, పునరావాసం అడిగే హక్కుంటుంది. అదే భూమిని సముద్రం తీసుకుంటే ఆ హక్కు లేదు. ఏది ఇచ్చినా అది ప్రభుత్వం దయ. పోలవరం నిర్వాసితులు తమకు రావాల్సినదాని కోసం ఎంత కొట్లాడాల్సి వస్తోందో మనకు తెలుసు. సముద్రం కోతలో భూమి పోయినవాళ్లకు కొట్లాడటానికి చట్టంలో ఒక సెక్షన్ కూడా లేదు.

బంగ్లాదేశ్ ఇదే పనిని ఇంకా పెద్ద ఎత్తున చేసింది. 1991 తుఫానుకు కుతుబ్‌దియా లాంటి ద్వీపాల నుంచి కాక్స్ బజార్ చేరి, ఎండుచేపల పని చేసుకునే కుటుంబాల కోసం ఖురుష్‌కుల్‌లో 139 అయిదంతస్తుల భవనాలు తలపెట్టింది. 2020లో మొదటి విడతగా 600 కుటుంబాలకు ఫ్లాట్లు ఇచ్చింది. గాలివానకు చెదరని ఇల్లు, కరెంటు దొరకడం నిజంగా గొప్ప మేలే. ఆ జనం ఉంటున్న చోటు విమానాశ్రయం విస్తరణకు కావాల్సి వచ్చిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. తరలింపు ఎవరి అవసరం కోసం జరుగుతోందని ప్రతిచోటా అడగాల్సిందే.

నా లెక్కలో ఎక్కువ డబ్బు, ఎక్కువ శ్రద్ధ వెళ్లాల్సింది మూడో దారికే. ఎందుకంటే ఊరు ఊరంతా కదలడం అరుదు. ముందు ఇంటికి ఒకరు వెళ్తారు, తర్వాత భార్యాపిల్లలు వెళ్తారు. ఏ పథకం జాబితాలోనూ వాళ్ల పేరుండదు. కేంద్రపడా జిల్లాలోనే ఇంకో కథ ఉంది. పట్టాముండై వైపు ప్లంబర్లు దేశమంతా పనిచేస్తున్నారు. అక్కడ ప్లంబింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా పెట్టారు. చేతిలో పని ఉండి వెళ్లినవాడు ఇంటికి డబ్బు పంపుతాడు. అప్పు తీర్చడానికి వెళ్లినవాడి పరిస్థితి వేరు. ఒడిశాలోనే బలాంగీర్ కరువు నేలల నుంచి అడ్వాన్సు తీసుకుని తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలను చూస్తే ఆ తేడా తెలుస్తుంది. ఆ పిల్లల కోసం బట్టీల దగ్గరే ఒడియాలో చదువు చెప్పే బడులు నడిపారు. అలాంటి పనే కావాలి, అదీ ప్రతిచోటా.

మనిషితో పాటు హక్కు కూడా కదలగలదని మన దగ్గరే రుజువైంది. వేరే రాష్ట్రంలో రేషన్ తీసుకునే పద్ధతి 2019 ఆగస్టులో మొదట మొదలైంది ఆంధ్రప్రదేశ్–తెలంగాణ మధ్య, మహారాష్ట్ర–గుజరాత్ మధ్య. 2022 నాటికి దేశమంతా వచ్చింది. ఇప్పటికీ సొంత రాష్ట్రం అదనంగా ఇచ్చేవి మాత్రం వెంట రావు. భవన కార్మికుల సంక్షేమ బోర్డు నమోదు కూడా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. బంగ్లాదేశ్‌లో మోంగ్లా రేవు పట్నం చూపిన దారి కూడా ఇలాంటిదే. అక్కడ ఎగుమతుల పారిశ్రామిక వాడ ఉంది, వరద కట్టలు, తాగునీటి ఏర్పాట్లు చేశారు. దాంతో చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఢాకా మురికివాడల దాకా పోకుండా అక్కడే ఆగే వీలు కలిగింది. చిన్న పట్నాలను ఇలా సిద్ధం చేయడం మహానగరాలను మరమ్మతు చేయడం కన్నా తేలిక.

తరలింపు మానేయమని కాదు. నేల పూర్తిగా పోయే చోట తప్పదు. 15వ ఆర్థిక సంఘం కోత నివారణకు 1,500 కోట్లు, కోత నిర్వాసితుల పునరావాసానికి 1,000 కోట్లు సిఫార్సు చేసింది. దేశమంతటి నదులకు, తీరాలకు కలిపి 2021–26 అయిదేళ్ల డబ్బు ఇది. ఉప్పాడ లాంటి చోట అలాంటి డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు మత్స్యకారుల ఇంటి స్థలం పడవ దగ్గరికి నడిచి వెళ్లే దూరంలో ఉండాలి, పట్టా ఆడవాళ్ల పేరున రావాలి. కాకినాడకో విశాఖకో పనికి వెళ్తామనే కుటుంబానికి ఆ డబ్బు అద్దెకు, శిక్షణకు వాడుకునే వీలుండాలి.